సంయుక్త సూక్ష్మదర్శిని: వాడే పద్ధతి, కాపాడే పద్ధతి

ఇంటి దగ్గర ఉండి చదువుకొంటున్న మీకు సూక్ష్మదర్శిని ప్రతిరోజూ అందుబాటులో ఉండదు. అధ్యయన కేంద్రంలో ప్రయోగ తరగతులు జరిగే కొద్ది రోజులు మాత్రమే అది మీ చేతికి వస్తుంది. ఆ రోజు కూడా ఒకే పరికరం ముందు చాలామంది వరుసలో ఉండవచ్చు. మీ వంతు వచ్చాక ఏ మర తిప్పాలో వెతుక్కుంటూ ఉంటే ఉన్న సమయం కాస్తా గడిచిపోతుంది. కంగారులో మరను తప్పుగా తిప్పితే స్లైడు పగులుతుంది, కటకం మీద గీత పడుతుంది. గీత పడిన కటకాన్ని మామూలుగా బాగుచేయలేము. మీ తరువాత వచ్చే వారందరూ ఆ గీత గుండానే చూడవలసి వస్తుంది. అందుచేత ప్రయోగ తరగతికి వెళ్ళక ముందే ఈ పాఠం చదవండి.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సూక్ష్మదర్శిని భాగాలను గుర్తించి, ఆవర్ధనాన్ని లెక్కించగలుగుతారు.
• స్లైడును సరైన వరుసలో చూడగలుగుతారు.
• పరికరాన్ని శుభ్రపరచి భద్రపరచగలుగుతారు.

1. భాగాలు, ఆవర్ధనం

పరికరం అడుగున బరువైన పీఠం, దానిపై వంపు తిరిగిన భుజం ఉంటాయి. స్లైడును ఉంచే పలకను వేదిక అంటారు. వేదిక మధ్యలో రంధ్రం, దాని కింద కాంతిని తగ్గించే డయాఫ్రమ్, ఇంకా కింద దర్పణం లేదా చిన్న దీపం ఉంటాయి. కంటి దగ్గర ఉండేది అక్షి కటకం. స్లైడు దగ్గర ఉండేవి వస్తు కటకాలు. ఇవి తిరిగే పలకకు బిగించి ఉంటాయి. భుజం పక్కన ఉన్న రెండు మరలలో పెద్దది స్థూల సర్దుబాటు మర, చిన్నది సూక్ష్మ సర్దుబాటు మర.

వస్తు కటకం వస్తువుకు పెద్దదైన, తలకిందులైన నిజ ప్రతిబింబాన్ని నాళం లోపల ఏర్పరుస్తుంది. అక్షి కటకం ఆ ప్రతిబింబాన్ని మరింత పెద్దది చేసి చూపుతుంది. కాబట్టి మొత్తం ఆవర్ధనం రెండింటి లబ్ధానికి సమానం. అక్షి కటకం మీద 10, వస్తు కటకం మీద 40 అని ఉంటే ఆవర్ధనం 10 × 40 = 400 రెట్లు.

2. చూసే వరుస

(అ) ఒక చేతితో భుజాన్ని పట్టుకొని, రెండవ చేతిని పీఠం కింద ఉంచి పరికరాన్ని తీసుకొని రండి. బల్ల అంచుకు దూరంగా పెట్టండి.

(ఆ) తక్కువ శక్తిగల వస్తు కటకాన్ని రంధ్రానికి ఎదురుగా తిప్పండి. సరిగా కూర్చున్నప్పుడు 'టిక్' మని చిన్న శబ్దం వస్తుంది.

(ఇ) దర్పణాన్ని కిటికీ వైపు తిప్పి, కనిపించే వలయమంతా సమానంగా వెలుగు వచ్చేటట్లు చేయండి. వేదిక కింద కండెన్సర్ ఉంటే సమతల దర్పణాన్ని, లేకపోతే పుటాకార దర్పణాన్ని వాడండి. దర్పణాన్ని ఎన్నడూ నేరుగా సూర్యుని వైపు తిప్పకండి. కన్ను దెబ్బతింటుంది.

(ఈ) స్లైడును, కవర్ స్లిప్ పైకి ఉండేటట్లు, వేదిక మీద ఉంచి క్లిప్పులు బిగించండి.

(ఉ) ఇప్పుడు అక్షి కటకంలో చూడవద్దు. తల పక్కకు వంచి, స్లైడును, వస్తు కటకాన్ని చూస్తూ పెద్ద మరతో రెండింటినీ దగ్గరకు తీసుకురండి. తాకనివ్వకండి.

(ఊ) తరువాత అక్షి కటకంలో చూస్తూ పెద్ద మరను వెనుకకు, అంటే స్లైడూ కటకమూ దూరమయ్యే వైపుకు, నెమ్మదిగా తిప్పండి. బొమ్మ కనిపించగానే ఆపి, చిన్న మరతో స్పష్టం చేసుకోండి.

(ఋ) చూడదలచిన భాగాన్ని వలయం మధ్యకు తెచ్చి, పక్కనుండి గమనిస్తూ ఎక్కువ శక్తిగల కటకాన్ని తిప్పండి. ఇక్కడ నుండి చిన్న మరను మాత్రమే వాడండి.

కొన్ని పరికరాలలో నాళం కదులుతుంది, కొన్నింటిలో వేదిక కదులుతుంది. ఏది కదిలినా సూత్రం ఒకటే: దగ్గరకు తెచ్చేటప్పుడు పక్కనుండి చూడాలి, దూరం చేసేటప్పుడు లోపలికి చూడాలి. 40 రెట్ల కటకం స్పష్టంగా చూపేటప్పుడు అది స్లైడుకు సుమారు అర మిల్లీమీటరు దూరంలోనే ఉంటుంది. ఆ స్థితిలో పెద్ద మరను కొద్దిగా తిప్పినా ప్రమాదమే.

3. చేసి చూడండి

కృత్యం 1: వార్తాపత్రిక నుండి చిన్న అచ్చులో ఉన్న 'క' అక్షరాన్ని కత్తిరించి, నీటి చుక్కతో స్లైడుపై అతికించండి. తక్కువ శక్తితో దాని తలకట్టును చూడండి. తలకట్టు అక్షరం కింది వైపున, తిరగబడి కనిపిస్తుంది. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు జరుగుతుంది. మొదట చేయి తడబడుతుంది, కొద్ది సేపటిలో అలవాటవుతుంది.

కృత్యం 2: ఉల్లిపాయ రేకు లోపలి వైపు నుండి పలుచని పొరను తీయండి. దానిని స్లైడుపై నీటి చుక్కలో పరచి, ఒక చుక్క అయోడిన్ ద్రావణం వేయండి. కవర్ స్లిప్‌ను ఒక అంచు తాకించి, సూదితో ఆపుతూ మెల్లగా దించండి. మిగిలిన నీటిని అద్దుడు కాగితంతో తీసివేయండి. ఇటుకలు పేర్చినట్లు కణాలు కనిపిస్తాయి. ప్రతి కణంలోనూ గోధుమరంగు కేంద్రకం కోసం చూడండి. నల్లని మందపాటి అంచుతో గుండ్రంగా కనిపించేవి గాలి బుడగలు. వాటిని కణాలుగా గీయకండి.

స్లైడు స్థానంలో పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పెడితే వలయం వెడల్పు తెలుస్తుంది. వెడల్పు 1.5 మి.మీ. అనుకొందాం. అందులో 5 కణాలు పొడవు వెంట వరుసగా పడితే, ఒక కణం పొడవు 1.5 ÷ 5 = 0.3 మి.మీ. 1665లో ప్రచురించిన గ్రంథంలో రాబర్ట్ హుక్ బెండు ముక్కలోని గదులకు 'సెల్' అని పేరు పెట్టాడు. ఆయన వాడినదీ సంయుక్త సూక్ష్మదర్శినే.

4. బొమ్మ సరిగా లేకపోతే

మచ్చ కనిపిస్తే అక్షి కటకాన్ని మెల్లగా తిప్పండి. మచ్చ కూడా తిరిగితే మురికి దానిమీదే ఉంది. స్లైడును జరిపినప్పుడు మచ్చ జరిగితే అది స్లైడుపై ఉంది. రెండూ కాకుండా బొమ్మ అంతా మసకగా ఉంటే వస్తు కటకాన్ని అనుమానించండి. రంగు వేయని కణాలు కనిపించకపోతే వెలుగు పెంచకండి. డయాఫ్రమ్‌ను కొద్దిగా మూయండి, అంచులు తేలుతాయి.

5. సంరక్షణ

కటకాన్ని వేలితో తాకకండి. చొక్కా అంచుతో, చీర కొంగుతో తుడవకండి. బట్టలోని ఇసుక రేణువే గాజును గీస్తుంది. ముందు రబ్బరు బంతితో గాలి ఊది దుమ్ము పోగొట్టి, తరువాత కటకాల కాగితంతో సుతారంగా తుడవండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. వేదిక మీద నీరు, అయోడిన్ పడితే వెంటనే ఒత్తి తీయండి. కటకాలను విప్పకండి. అక్షి కటకం తీసి నాళాన్ని ఖాళీగా వదిలితే లోపల దుమ్ము చేరుతుంది.

వానాకాలంలో కటకాలపై బూజు పడుతుంది. అది ముదిరితే గాజుమీద మచ్చలు నిలిచిపోతాయి. పెట్టెలో సిలికా జెల్ సంచి ఉంచండి. నీలిరంగు జెల్ తేమ పీల్చుకొంటే లేత గులాబీ రంగుకు మారుతుంది. వంటకు వాడని రేకు మూకుడులో సన్నని సెగపై వేడిచేస్తే మళ్ళీ నీలంగా మారుతుంది.

పని ముగిశాక స్లైడు తీసి, తక్కువ శక్తిగల కటకాన్ని ఎదురుగా తిప్పి, తొడుగు కప్పండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. అక్షి కటకం 15, వస్తు కటకం 10 అయితే ఆవర్ధనం ఎంత?
2. ఎక్కువ శక్తితో చూసేటప్పుడు పెద్ద మర ఎందుకు తిప్పరాదు?
3. స్లైడుపై ఒక పురుగు ఎడమకు పోతున్నట్లు కనిపించింది. నిజంగా ఎటు పోతున్నది?

జవాబులు: 1. 150 రెట్లు. 2. కటకం స్లైడుకు అతి దగ్గరగా ఉంటుంది కనుక తగిలి రెండూ పాడవుతాయి. 3. కుడికి.

మూడింటికీ సరిగా జవాబు చెప్పగలిగితే మీరు పరికరం ముందు నిశ్చింతగా కూర్చోవచ్చు. లేకపోతే 2వ భాగాన్ని మరొకసారి చదివి, పుస్తకం మూసి, ఆ వరుసను మీకు మీరే చెప్పుకోండి.