సంఘం నీటి పథకం: మోటారు, కరెంటు పనులు సక్రమంగా చేయించుకోవడం ఎలా?

పాలు శుభ్రంగా ఉండాలంటే ముందు నీరు ఉండాలి. క్యాన్లు, కూలర్ ట్యాంకు, గొట్టాలు కడగడానికీ, సంఘం ఆవరణలోని తొట్లలో పశువులకు తాగడానికీ ప్రతిరోజూ నీరు కావాలి. అందుకే అనేక సంఘాలు సొంతంగా బోరు వేయించి, సంపు, ఎత్తయిన ట్యాంకు కట్టించుకుంటున్నాయి. ఈ పనుల్లో గోడలూ ట్యాంకూ అందరికీ కనిపిస్తాయి కనుక పాలకవర్గం దృష్టి ఎక్కువగా వాటిమీదే ఉంటుంది. చిక్కు వచ్చేది మాత్రం చాలాసార్లు మోటారు, పైపులు, కరెంటు దగ్గరే. వాటిని ఏ వరుసలో, ఎవరి బాధ్యత మీద, ఏ పరీక్షలతో చేయించుకోవాలో సభ్యులందరూ తెలుసుకోవడం మంచిది.

బాధ్యత ఒకరిదే కావాలి

బోరు వేసేవారు ఒకరు, తాపీ మేస్త్రి ఒకరు, పైపులు బిగించేవారు మరొకరు, వైరింగు చేసేవారు ఇంకొకరు. నీరు రాకపోతే ప్రతి ఒక్కరూ పక్కవారి మీదికి నెడతారు. కనుక పని మొదలుకాకముందే పాలకవర్గం తీర్మానం చేసి, పనులన్నిటినీ సమన్వయం చేసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఆయన వద్ద ఒక పుస్తకం ఉండాలి. ఏ పని ఏ తేదీన జరిగింది, ఏ సామాను వచ్చింది, ఎవరు చూశారు అన్నది అందులో రాసి సంతకం తీసుకోవాలి.

ముందు కొలత, తరువాత కొనుగోలు

బోరు లోతు మాత్రమే చూసి మోటారు కొనడం పొరపాటు. బోరులో ముందుగా పరీక్ష పంపు దించి కొన్ని గంటలు నడిపించి, గంటకు ఎంత నీరు వస్తోంది, పంపు నడుస్తుండగా నీటిమట్టం ఎంత లోతుకు దిగుతోంది అని కొలవాలి.

లెక్క కష్టమైనది కాదు. నడిచేటప్పుడు నీటిమట్టం 45 మీటర్ల లోతున ఉందనుకుందాం. ట్యాంకు ఎత్తు 10 మీటర్లు, పైపులలో రాపిడికి 5 మీటర్లు కలిపితే మొత్తం ఎత్తు 60 మీటర్లు. సెకనుకు 2 లీటర్లు, అంటే గంటకు 7,200 లీటర్లు కావాలంటే 2ను 60తో గుణించి 75తో భాగించాలి. 1.6 వస్తుంది. పంపు సామర్థ్యం సగమే అనుకుంటే 3.2 హార్స్‌పవర్ కావాలి. అంటే 3 హార్స్‌పవర్ మోటారు చాలదు. అలాగని 10 హార్స్‌పవర్ మోటారు దించితే బోరు ఎండి, కరెంటు బిల్లు పెరిగి, మోటారు కాలిపోతుంది. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టుకు ఐ.ఎస్. 8034 ప్రమాణం ఉంది. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనాలి.

కట్టడంతో పాటే జరగవలసినవి

పంపుగదిలో మోటారు నేలమీద బిగించే రకమైతే, దాని అడుగు కొలతలు చేతికి వచ్చాకే పునాది వేయాలి. బోల్టులకు గుంటలు వదిలి, మోటారును నిలబెట్టి, లెవెల్ సరిచూశాక గుంటలు కాంక్రీటుతో నింపాలి. కాంక్రీటును కనీసం ఏడు రోజులు తడిపిన తరువాతే మోటారు నడపాలి.

సంపు గోడలోనుంచి పోయే పైపుకు నడుమ ఇనుప రింగు వెల్డు చేయించి, గోడ కాంక్రీటు పోసేటప్పుడే అందులో కలిపేయాలి. గోడ కట్టాక కన్నం కొట్టి పైపు దూరిస్తే అక్కడ నీరు కారుతూనే ఉంటుంది. కేబుళ్లు పోవడానికి గొట్టాలు కూడా అప్పుడే పెట్టించాలి.

పంపుగది స్థలం ఎంపిక చాలా ముఖ్యం. పెద్ద పథకాలు కూడా ఈ విషయంలో మనకు పాఠం చెబుతున్నాయి. 2020 అక్టోబరులో కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలోని ఎల్లూరు పంప్‌హౌస్‌లోకి నీరు చేరి మోటార్లు మునిగాయి. 2022 జూలైలో గోదావరి వరదకు కన్నెపల్లి పంప్‌హౌస్ కూడా మునిగింది. మన సంఘానికి నది లేకపోవచ్చు, కానీ వానకు ఆవరణలో నీరు నిలిచే పల్లం ఉంటుంది. ఊరి పెద్దలను అడిగి, నీరు ఎంత ఎత్తున నిలిచేదో తెలుసుకుని, స్టార్టరు, మెయిన్ బోర్డు దానికి పైన ఉండేలా చూడాలి.

మోటారు దించేటప్పుడు

నీటితో నింపే రకం మోటారైతే దించేముందు శుభ్రమైన నీటితో పూర్తిగా నింపాలి. మోటారు బోరు అడుగుకు తగలకుండా కొన్ని మీటర్లు పైనే ఉండాలి. అడుగున బురదలో ఉంటే చల్లబడదు. కేబులును పైపుకు ప్రతి మూడు మీటర్లకు ఒకచోట కట్టాలి. కేబులు జాయింటులోకి నీరు చేరకుండా జాగ్రత్తగా చుట్టాలి. ముఖ్యంగా, దించేముందు ఒకసారి, దించాక ఒకసారి మెగ్గరుతో ఇన్సులేషన్ చూడాలి. అది ఒక మెగోమ్ కంటే తక్కువ ఉంటే మోటారు ఆన్ చేయరాదు.

కరెంటు పనులు

ఈ పనులు లైసెన్సున్న వైరింగు కాంట్రాక్టరుతోనే చేయించాలి. మూడు ఫేజుల మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తింగులు ఉండాలి. ఎర్తును న్యూట్రలుకు గానీ నీటి పైపుకు గానీ కలపరాదు. ఎండాకాలంలో ఎర్తు గుంటలో నీరు పోస్తూ ఉండాలి.

ఎర్తింగ్ సరిగా లేకపోతే మనిషికి ఎంత ప్రమాదమో పశువుకూ అంతే, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పశువు ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. తడి నేలలోకి కరెంటు దిగితే ఆ దూరం మేర తేడా వోల్టేజి పశువు ఒంటిలోనుంచి పోతుంది. నీటితొట్టి దగ్గర పాడి గేదె పడిపోతే ఒక కుటుంబం బతుకుతెరువే పోయినట్లు. తొట్లు ఉన్నచోట వైరు వేలాడనీయకండి. 30 మిల్లీ ఆంపియర్లకు ట్రిప్ అయ్యే లీకేజి బ్రేకరు దీపాల, ప్లగ్గుల లైనుకు పెట్టించండి.

స్టార్టరుకు సింగిల్ ఫేజు ప్రివెంటరు, నీరు లేనప్పుడు ఆపే పరికరం తప్పక ఉండాలి. ఒక ఫేజు పోయినా నడుస్తున్న మోటారు కొద్ది నిమిషాలలోనే కాలిపోతుంది. మోటారు స్టార్టవుతూ సాధారణ కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. అదే లైను మీద పాలకూలర్ కంప్రెసరు ఉంటే వోల్టేజి పడిపోయి అది ఆగవచ్చు. పాలు 4 డిగ్రీలకు చల్లబడకపోతే నష్టం సభ్యులందరిదీ. కనుక ఈ రెండింటికీ వేర్వేరు లైన్లు, స్విచ్‌లు ఉండాలి. రెండూ ఒకేసారి స్టార్టు చేయకూడదు.

పని జరిగేటప్పుడు మెయిన్ ఆపి, ఫ్యూజు క్యారియర్లు తీసి పనిచేసేవారి జేబులోనే ఉంచుకోవాలి. మూసి ఉన్న సంపులో, పాత బావిలో గాలి చెడి ఉండవచ్చు. మూతలు తీసి గాలి ఆడేలా చేయకుండా, మనిషికి తాడు కట్టి పైన కాపలా ఉంచకుండా ఎవరినీ దించరాదు. కింద ఒకరు స్పృహ తప్పితే కాపాడాలని వెంటనే మరొకరు దిగరాదు.

పరీక్షలు, అప్పగింత

మూడు ఫేజుల మధ్య వోల్టేజి సుమారు 415 ఉందో లేదో, టాంగ్ టెస్టరుతో ప్రతి ఫేజు కరెంటు నేమ్‌ప్లేటుపై రాసినదానికి సరిపోతోందో చూడాలి. నీరు తక్కువ వస్తే మోటారు తలకిందుగా తిరుగుతోందేమో చూసి రెండు వైర్లు మార్పించాలి. పైపులను నీటితో నింపి, పీడనం కింద ఎక్కడా కారడం లేదని చూశాకే మట్టి పూడ్చాలి. కొన్ని గంటలు నిరంతరం నడిపి గంటకు వచ్చిన నీటిని కొలిచి పుస్తకంలో రాయాలి.

బిల్లు మొత్తం ఒకేసారి ఇవ్వవద్దు. కొంత సొమ్ము నిలిపి, ఒక వేసవి గడిచి మోటారు నిలకడగా నడిచాక చెల్లించేలా ముందే ఒప్పందం రాసుకోండి. వారంటీ కార్డు, నేమ్‌ప్లేటు నంబరు, బోరు లోతు, పంపు దించిన లోతు, మట్టిలో పైపులు, కేబుళ్లు పోయిన దారి గీసిన పటం సంఘం దస్త్రంలో ఉండాలి. కార్యదర్శి మారినా దస్త్రం మారదు.

ఒక రోజు ఆలస్యమైనా పరీక్ష తప్పించకండి. సంఘంలో ఖర్చయ్యే ప్రతి రూపాయి పాడి రైతు పోసిన పాల సొమ్ము. ఆ సొమ్ముతో వేసిన మోటారు ఏళ్లతరబడి నీరిచ్చేలా చూసుకోవడం సంఘ సభ్యులందరి బాధ్యత.