వాగు అందరిది - నష్టము రైతు ఒక్కనిదా?

ఊరికి కర్మాగారము వచ్చిన పని వచ్చును, బాట వచ్చును. కాని దాని మురుగు వాగున కలిసినచో, ఆ వాగునే నమ్ముకొన్న దిగువ రైతు గతి యేమి?

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు ప్రాంతమున 1970 దశకము నుండి పరిశ్రమలు వెలసినవి. వాటి మురుగు నక్కవాగున చేరి మంజీర వైపు పారినది. గట్టునగల పల్లెలలో బావులు చెడినవి, పొలములు దెబ్బతిన్నవి. 1990లో వ్యవహారము సుప్రీంకోర్టుకెక్కినది. కోర్టు ఆదేశములపై కొంత పరిహారము అందినది. కాని పాడైన నేల ఒక్క నాటిలో బాగుపడదు గదా! చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట కంటె ముందు మేలుకొనుట మంచిది.

అనుమతికి ముందు: 2006 నాటి కేంద్ర ప్రకటన ననుసరించి, పలు పెద్ద పరిశ్రమలకు ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. కనీసము 30 రోజుల ముందు ప్రకటించవలెను. నివేదిక సారాంశము తెలుగులో లభించవలెను. అది చదివి వెళ్ళుడు. ఎంత నీరు తోడుదురు, మురుగు ఎచటికి పోవును అని అడుగుడు. మీ మాట నమోదైనదో లేదో చూచుకొనుడు.

నీరు రంగు మారినచో: శుభ్రమైన సీసాను ఆ నీటితోనే మూడుమారులు కడిగి, నింపి, తేదీ వ్రాసి పరీక్షకు పంపుడు. సాగునీటికి ఉదజని సూచిక 6.0 నుండి 8.5 లోపల ఉండవలెను. విద్యుత్ వాహకత 2250 మైక్రోమోలు మించరాదు. సర్వే నంబరు, పైరు, నష్టము వ్రాసి ఉంచుడు. పశువు చనిపోయిన పశువైద్యుని ధ్రువపత్రము పొందుడు. తహసీలుదారుకు, కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ ఇచ్చి రసీదు తీసికొనుడు. 2010 చట్టముచే ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో పరిహారమునకు 5 సంవత్సరముల లోపల దరఖాస్తు చేయవచ్చును. దక్షిణ మండల పీఠము చెన్నైలో గలదు.

గ్రామాధికారులకు ఒక మనవి. కబురు అందిన నాడే వాగు వద్దకు వెళ్ళి పంచనామా వ్రాయుడు. మరునాటికి మురుగు కొట్టుకొనిపోవచ్చును. నష్టపోయినవారి జాబితాలో పట్టా గలవారినే కాక కౌలుదారుని, కూలివానిని, పశువుల కాపరిని కూడ చేర్చుడు. వాగు చెడిన నాడు ముందుగా పస్తుండునది వారే.