సముద్రస్నానము పుండునకు మందు కాదు

మధుమేహముచే మానని పాదపు పుండు గలవారికి సైతము, సముద్రములో నాలుగు మునుకలు వేసిన చాలును, ఉప్పునీటికి పుండు ఎండిపోవునని ధైర్యము చెప్పు హితులు మన తీరమున నేటికిని తక్కువగా లేరు. గంటలలో వైద్యము జరుగవలసిన వ్యాధికి మూలమగు పనిని వైద్యమని బోధించు ఈ నమ్మకమును ఇక నుపేక్షింపరాదు.

ఉప్పు సూక్ష్మజీవులను అణచునన్న మాటలో కొంత సత్యమున్నదని ఒప్పుకొనవలసినదే; ఊరగాయ చెడకుండుటకు ఆ గుణమే ముఖ్యకారణము, ఆసుపత్రిలో గాయమును కడుగు సెలైనును ఉప్పునీరే. కాని సెలైను శుద్ధిచేసి మూసిన నీరు. సముద్రజలమన్ననో ప్రాణులతో నిండినది. అందు సహజముగా నివసించు విబ్రియో జాతి బాక్టీరియాలకు ఈమాత్రపు ఉప్పు విషము కాదు సరికదా, జీవనాధారము. వానిలో విబ్రియో వల్నిఫికస్ అనునది, నదీజలము కలిసి ఉప్పు పలుచబడిన మొగలలోను, ఉప్పుటేరులలోను, నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటి వెచ్చబడినపుడు విశేషముగా వృద్ధిపొందును. మన తీరమున నీరు అంతకంటె చల్లబడుట అరుదు. మురుగు కలియని నీటిలోను ఇది యుండును గనుక, నీరు తేటగా నున్నదను ధీమాయు పనికిరాదు.

ఈ క్రిమి దేహమున చొచ్చుటకు, రొయ్యలు ఒలుచుచుండగా తలమీది ముల్లు వ్రేలిలో దిగిన చిన్నపోటు చాలును. కాలేయవ్యాధి గాని, మధుమేహము గాని, రోగనిరోధకశక్తి క్షీణించిన స్థితి గాని గలవారిలో, ఒక్క దినము గడవక మునుపే ఆ చోటు ఎఱ్ఱబడి వాచి, పైకి కనబడు గాయముతో పొంతనలేని నొప్పి పుట్టి, నెత్తురు కలిసిన నీటిపొక్కులు లేచి, చర్మము క్రింది కణజాలము నశింప నారంభించును. క్రిమి రక్తమున వ్యాపించినచో దాదాపు సగముమంది మరణింతురు. 2005లో కత్రీనా తుపాను అమెరికా గల్ఫ్ తీరమును ముంచిన పిమ్మట రెండు వారములలో 22 మందికి విబ్రియో వ్యాధులు సోకగా, ఎక్కువమందికి గాయములద్వారానే సోకినవి, అయిదుగురు మరణించిరి. ఆరోగ్యవంతుడైన జాలరి గాయముతో దిగి క్షేమముగా తిరిగివచ్చెనని చూపువారు గ్రహింపవలసినది, అతనిని కాచినది అతని దేహబలమే గాని ఉప్పు కాదని.

గాయమువలెనే తిండిద్వారా క్రిములు సోకుటను గూర్చియు ఇట్టి నమ్మకములే కలవు. నిమ్మరసము పిండిన పచ్చి ఆల్చిప్ప ఉడికినదానితో సమానమనుట, మద్యము కడుపులోని క్రిములను చంపుననుట, వాసన లేని చేపలో దోషముండదనుట, మూడును అసత్యములే. 1950లో జపానులోని ఒసాకాలో సగమెండిన చిన్నచేపలు తిని 272 మంది జబ్బుపడి 20 మంది మరణించినపుడే, వల్నిఫికస్‌కు సోదరజాతియైన విబ్రియో పారాహీమోలిటికస్ తొలిసారి బయటపడినది. ఆల్చిప్పలను మరుగునీటిలో అవి విచ్చుకొన్న తరువాత మరి అయిదు నిమిషములు ఉడికింపవలెను, విచ్చుకొననివానిని పారవేయవలెను.

పుండు గలవారు అది మానువరకు సముద్రమునకును ఉప్పుటేటికిని దూరముగా నుండవలెను. పనిలో ముల్లు గుచ్చుకొన్నచో వెంటనే సబ్బుతో మంచినీట కడుగుకొని, వాపు మొదలైనచో తెల్లవారనిమ్మని ఆగక ఆసుపత్రికి పోయి, రొయ్య గుచ్చుకొన్నదనియో ఉప్పునీట దిగితిననియో అడుగకమునుపే చెప్పవలెను. ఆ ఒక్క మాట వినినచో వైద్యుడు పరీక్షాఫలితమునకై వేచియుండక డాక్సీసైక్లిన్, సెఫ్టాజిడిమ్ వంటి మందులను ప్రారంభించి, చచ్చిన కండను తొలగించుటకు శస్త్రవైద్యుని అప్పుడే పిలిపింపగలడు.