మోటారు చక్రమునకు తగిన టైరు



ఎద్దులబండి చక్రమునకు ఇనుపకమ్మి వేయుట చూడనివారు మీలో నుండరు. కమ్మరి మొదట కొయ్యచక్రపు చుట్టుకొలత తీసికొనును. అంతకు కొంచెము తక్కువగా ఇనుమును త్రుంచి, వలయముగా అతికి, నిప్పులమీద ఎర్రగా కాల్చి చక్రమునకు తొడుగును. నీళ్లు పోయగానే ఇనుము ముడుచుకొని కొయ్యను బిగబట్టును. కమ్మి కొలత హెచ్చైనచో దారిలో జారిపోవును. మరీ తగ్గినచో ఆకులు విరుగును. మోటారుకారు టైరు రబ్బరుదే యైనను దాని ధర్మము కూడ ఇదియే. కొలత తెలియక కొన్న టైరు ఎంత ఖరీదైనదైనను చేటు తెచ్చును. ఈ సంగతి నాకు ఈ వార్ధక్యమున ఎట్లు తెలిసినదో నేడు మీకు మనవి చేసెదను.

మాది రుద్రంగి. కోరుట్ల నుండి వేములవాడకు పోవు దారిలో నున్న ఊరు. మా ప్రాంతమున గల్ఫు దేశములకు పోయి కష్టపడిన వారు లేని వీధి యరుదు. అట్లే మా వాడొకడు, వరుసకు మనుమడు, ఆరేండ్లు అచ్చట పనిచేసి మరలివచ్చెను. వచ్చినవాడు హైదరాబాదులో ఒకరు వాడి యమ్మిన స్పోర్ట్సు కారు కొనెను. దానికి రెండే తలుపులు, ఇద్దరికే చోటు, అడుగునకును నేలకును నడుమ జానెడైన ఎడము లేదు. రాజన్న సన్నిధిని పూజ చేయించి ఊరికి తెచ్చునప్పటికి వెనుక టైర్లు రెండును అరిగి నున్నగా నుండెను. ప్రతి గతుకుకడను, ప్రతి స్పీడుబ్రేకరుకడను కారు కడుపు నేలను రాచుకొనుచుండెను.

“తాతా, ఎట్లును టైర్లు మార్చవలెను గదా! కొంచెము ఎత్తైనవి వేయింతును. కారు లేచును, కడుపు తగులదు” అని వాడనెను. నాకును ఆ మాట సబబుగానే తోచెను. ఖర్చులో సగము నేనిచ్చెదనని చెప్పి, వానితో కూడ కోరుట్లకు పోయితిని. అంగడిలో సరియైన కొలత టైర్లు లేవు. ఎత్తైనవి మాత్రము సిద్ధముగా నుండెను. అవి బిగించుటకు జాకీ కూడ ఎత్తిరి. అంతలో అచ్చట పనిచేయు పెద్దమేస్త్రీ యొకడు, “అయ్యా, బిగించుటకు ముందు ఈ యంకెలు చూడుడు” అని టైరు ప్రక్కను చూపెను. నేను జీవితమంతయు పిల్లలకు లెక్కలు చెప్పినవాడను. అంకెలు కనబడిన తరువాత ఊరకుండలేక సుద్దముక్క అడిగి తీసికొంటిని.

కారు వెనుక టైరుమీద 255/35 ఆర్ 18 అని యుండెను. 255 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 35 అనగా టైరు ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 35 వంతులని అర్థము. ఆర్ అను నక్షరము రేడియల్ అను పద్ధతిని తెలుపును. ఈ పద్ధతిని ఫ్రాన్సు దేశపు మిషెలిన్ కంపెనీవారు 1946లో కనుగొనిరి. 18 అనగా టైరు కూర్చుండు ఇనుపచక్రపు అడ్డుకొలత, అంగుళములలో.

ఇక లెక్క సులభము. 255లో నూటికి 35 వంతులు సుమారు 89. ప్రక్కగోడ చక్రమునకు పైనను క్రిందను ఉండును గనుక రెండింతలు, 178½. పదునెనిమిది అంగుళములు 457 మిల్లీమీటర్లు. రెండును కూడగా టైరు మొత్తము ఎత్తు సుమారు 636 మిల్లీమీటర్లు. ముందు టైర్లు 225/40 ఆర్ 18. వానికి ఇట్లే లెక్కింపగా 637 వచ్చెను. చూచితిరా! వెడల్పు వేరు, అంకెలు వేరు, ఎత్తు మాత్రము ఒక్కటే. కారు చేసినవాడు లెక్కతోనే చేసెను.

అంగడిలోని టైరు 255/45 ఆర్ 18. దాని ఎత్తు 687. అనగా 51 మిల్లీమీటర్లు, నూటికి ఎనిమిది వంతులు హెచ్చు. దీనివలన కలుగు చిక్కులు మేస్త్రీ ఒక్కొక్కటిగా చెప్పెను. మొదటిది, చక్రపు నడిమి నుండి టైరు అంగుళము పైకి పెరుగును. గుంతలో కారు క్రుంగినప్పుడు రబ్బరు పైనున్న రేకును ఒరయును. రెండవది, చక్రము ఒక్క చుట్టునకు పోవు దూరము పెరుగును. మీటరు ఆ చక్రముల తిరుగుడునే లెక్కించునదైనచో 80 అని చూపునప్పుడు కారు నిజముగా 86 మీద పోవుచుండును. మూడవది, నేటి కార్లలో బ్రేకు వేసినప్పుడు చక్రము జారకుండ కాపాడు యంత్రము నాలుగు చక్రముల వేగమును పోల్చి చూచుచుండును. ముందువెనుకల ఎత్తు మారినచో దాని లెక్క తప్పును. ఇంతయు చేసినను వెనుకభాగమే లేచును గాని ముక్కు లేవదు. గతుకునకు మొదట తగులునది ముక్కే గదా!

నాకు ఒడలు జలదరించెను. నా సొమ్ముతోనే ఆ బిడ్డ ప్రాణమునకు ముప్పు కొనబోతిని.

మరి గతుకుల దారికి ఉపాయమే లేదా? కలదు. తలుపు సందున అతికిన చీటీలో ఆ కారునకు 17 అంగుళముల చక్రము కూడ తగునని, దానికి 225/45 కొలత టైరు వేయవలెనని వ్రాసియుండెను. దాని ఎత్తు 634, దాదాపు మొదటి దానితో సమానము. ప్రక్కగోడ మాత్రము 11 మిల్లీమీటర్లు ఎక్కువ. రబ్బరు పెరిగి ఇనుము తగ్గుటచే గుంతదెబ్బకు చక్రపు అంచు వంగు భయము తగ్గును. ఇనుపచక్రము చిన్నదైనప్పుడు ప్రక్కగోడ పెరుగవలెను, మొత్తము ఎత్తు మారరాదు, ఇదియే సూత్రము. చక్రములతో సహా మార్చుటకు సొమ్ము చాలక మావాడు మొదటి కొలతవే తెప్పించుటకు ఒప్పుకొనెను.

కొలత తరువాత చూడవలసినవి మరి మూడు కలవు. కొలత ప్రక్కనే 94 డబ్ల్యు వంటి గుర్తుండును. 94 అనగా ఆ టైరు 670 కిలోల బరువు మోయునని సంకేతము. 91 అయినచో 615. అక్షరము వేగమునకు హద్దు: హెచ్ 210 కిలోమీటర్లు, వి 240, డబ్ల్యు 270. మన దారిలో అంత వేగమెందుకని మీరడుగవచ్చును. ఆ యక్షరము టైరు వేడికి ఓర్చుకొను శక్తిని కూడ తెలుపును. ఎండ 45 డిగ్రీలు దాటు మా వేసవిలో ఆ యోర్పు కావలెను. కావున చీటీలోని గుర్తులకు తక్కువైనవి కొనరాదు.

రెండవది వయస్సు. టైరు ప్రక్కను నాలుగంకెలు ముద్రించి యుండును. 2321 అని యున్నచో అది 2021వ సంవత్సరపు 23వ వారమున పుట్టినది. రబ్బరు వాడకున్నను ముసలిదగును, గట్టిపడి బీటలువారును. పదియేండ్లు దాటినదానిని గాడి ఎంత లోతున్నను మార్చుమని పెక్కు కంపెనీలవారు చెప్పుదురు. గాడిలోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో కారునకు ఆ టైరు చట్టప్రకారము కూడ పనికిరాదు. గాడిలో అడ్డముగా నుండు చిన్న గట్టుతో సమముగా అరిగినచో కాలము తీరినదని యెరుగుడు. కొత్తది కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర కూడ చూడవలెను. అది 2009లో కేంద్రప్రభుత్వ మిచ్చిన ఉత్తర్వు ఫలము.

మూడవది గాలి. గాలి తగ్గినచో ప్రక్కగోడ మాటిమాటికి వంగి, కాగి, తుదకు పగులును. చీటీలో వ్రాసినంత గాలి, టైరు చల్లగా నున్నప్పుడు ప్రొద్దుననే కొలిచి పట్టింపవలెను. ఇరుసునకు రెండు వైపులను ఒకే కంపెనీ, ఒకే గాడితీరు టైర్లుండవలెను.

1887లో బెల్ఫాస్టు పట్టణమున డన్‌లప్ అను పశువైద్యుడు తన చిన్నకుమారుని మూడుచక్రముల బండి కుదుపులేక నడచుటకై గాలిటైరు చేసెను. బిడ్డమీది మమకారము నుండి పుట్టిన వస్తువిది. మన బిడ్డలకు కొనిచ్చునప్పుడు ఆ మమకారముతోపాటు కొలత కూడ చూతము.

మా వాని టైర్లు ఎనిమిది దినములకు వచ్చెను. అంతవరకు కారు పశువులకొట్టము ప్రక్కన నిలిచియుండెను. ఇప్పుడు వాడు స్పీడుబ్రేకరును ఏటవాలుగా, మెల్లగా దాటించుచున్నాడు. మీ యింటి పిల్లవాడు టైర్లకు సొమ్మడిగినచో కాదనకుడు. తలుపు సందునగల చీటీ చదివి వినిపింపుమని మాత్రము అడుగుడు.