నలుగురు నర్సమ్మల మినిట్స్ పుస్తకం

మీ బామ్మకి మోకాలు పట్టేసినప్పుడల్లా ఆ ఫిజియోథెరపీ అమ్మాయి వస్తుంది చూశారూ, తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, "పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టండి మామ్మగారూ" అంటుంది. మీ బామ్మ ఆరు దగ్గరే పది అనేస్తుంది, అది వేరే సంగతి. ఆ అమ్మాయిని ఇంట్లోకి రానివ్వడానికి మనమెవ్వరం వెనకాడం. చదువుకుంది, సర్టిఫికెట్టుంది, ఇంకేం కావాలి? కానీ నూట ముప్పై ఏళ్ల కిందట లండన్‌లో ఇదే పని చేసే ఆడవాళ్లకి నలుగురిలో తలెత్తుకు తిరగడమే కష్టమైపోయిందర్రా. ఆ కథ ఇవాళ్టిదాకా ఎలా మిగిలిందన్నది చెప్పడానికే కూర్చోమన్నాను.

1894 మాట. లండన్‌లో మర్దన చేస్తామంటూ బోర్డులు కట్టిన గదులు పుట్టగొడుగుల్లా లేచాయి. బోర్డు మీద మర్దన, లోపల యవ్వారం వేరు. ఏమిటని అడక్కండి, పెద్దయ్యాక మీకే తెలుస్తుంది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ బండారం బయటపెట్టేసరికి ఊరంతా గగ్గోలు. చెడ్డపేరు మాత్రం అందరికీ అంటింది. ఆసుపత్రుల్లో విరిగిన చేతులకీ, పడిపోయిన కాళ్లకీ ఒళ్లు దాచుకోకుండా మర్దన చేసే నర్సుల్ని కూడా జనం అదోలా చూడ్డం మొదలెట్టారు. అప్పుడు నలుగురు నర్సులు కూడబలుక్కున్నారు. లూసీ రాబిన్సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్. సొసైటీ ఆఫ్ ట్రెయిన్డ్ మస్సూజెస్ అని ఒక సంఘం పెట్టారు. మర్దనలో శిక్షణ పొందిన ఆడవాళ్ల సంఘమన్నమాట.

ఏడుస్తూ కూర్చోలేదు, నిబంధనలు రాసుకున్నారు. డాక్టరు చెప్పందే మర్దన చెయ్యకూడదు. మగవాళ్లకి ఒళ్లంతా మర్దన చెయ్యకూడదు, డాక్టరు ప్రత్యేకంగా కోరితే తప్ప. వైద్యం పత్రికల్లో తప్ప ఎక్కడా ప్రకటనలు వెయ్యకూడదు. రోగులకి మందులు అమ్మకూడదు. ఆపైన పరీక్షలు పెట్టి, నెగ్గినవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కించారు. అంతకుముందు "నేను మంచిదాన్ని" అని నోటితో చెప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు "రిజిస్టర్లో నా పేరుంది, చూసుకోండి" అనొచ్చు. నన్నడిగితే ఆ సంఘం చేసిన అసలు పని ఆ రిజిస్టరే.

ఆ నలుగురిలో రోజలిండ్ పేజెట్ మామూలు మనిషి కాదు. మంత్రసానుల సంఘాన్ని నిలబెట్టినవాళ్లలోనూ ఆవిడుంది. 1855లో పుట్టి 1948 దాకా బతికింది. రెండు వృత్తులకి దారి చూపించి వెళ్లింది మహాతల్లి.

తరవాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1914 ఆగస్టులో ఆల్మెరిక్ పేజెట్ దంపతులు ఒక మర్దన దళం పెట్టారు. 50 మందితో మొదలైన ఆ దళం యుద్ధం ముగిసేసరికి దాదాపు 2000 మందికి చేరింది. గాయపడ్డ సిపాయిల కాళ్లూ చేతులూ మళ్లీ ఆడించడం వాళ్ల పని. ఇంకో ముచ్చట వినండి. యుద్ధంలో చూపు పోయిన సిపాయిలకి సెయింట్ డన్‌స్టన్స్ అనే సంస్థ మర్దన నేర్పించింది. కళ్లు లేకపోతేనేం, వేళ్లకి కండ ఎక్కడ బిగిసిందో తెలుస్తుంది కదా! వాళ్లూ పరీక్షలు నెగ్గి వృత్తిలో స్థిరపడ్డారు. 1920లో సంఘానికి రాజముద్ర దక్కింది, మగవాళ్లకీ తలుపు తెరుచుకుంది. 1944లో పేరు మార్చుకుని చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అయింది. ఇప్పటికీ ఆ పేరే.

ఇదంతా నాకెలా తెలిసిందీ? ఎవరో రాసినవి చదివే. మరి వాళ్లకెలా తెలిసింది? సంఘం సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టిన మినిట్స్ పుస్తకాలుండబట్టి. అవిప్పుడు లండన్‌లో యూస్టన్ రోడ్డు మీద వెల్కమ్ లైబ్రరీలో ఉన్నాయి. హెన్రీ వెల్కమ్ అని అమెరికాలో పుట్టి లండన్‌లో మందుల వ్యాపారం చేసిన ఆసామి ఉండేవాడు. టాబ్లాయిడ్ అనే మాటను తన మందుబిళ్లల కోసం పుట్టించింది ఆయన కంపెనీయే, తరవాత పేపరువాళ్లు ఎత్తుకుపోయారు. ఆయనకి వైద్యానికి సంబంధించిన వస్తువు ఏది కనబడినా కొనే జబ్బు. ఆయన 1936లో పోయాడు, ఆ జబ్బు మాత్రం ఆయన పేరిట నడిచే సంస్థకి అంటుకుంది. 1979లో ఆ సంస్థ కొత్తకాలపు వైద్యం కాగితాల కోసం ఒక విభాగం తెరిచింది. పాత తాళపత్రాలనైతే అందరూ కళ్లకద్దుకుంటారు, సంఘాల లెక్కలూ ఉత్తరాలూ ఎవరిక్కావాలి? ఆఫీసు ఇల్లు మారిన రోజున అవన్నీ చిత్తుకాగితాలవాడి పాలు. చెదల కంటే ఇల్లు మారడమే కాగితానికి పెద్ద గండమని నా ఉద్దేశం.

"అయినా కాగితం ఊరికే బీరువాలో పెడితే చెడిపోతుందా తాతయ్యా?" అంటాడు చిన్నా. బాగా అడిగాడు. చెడిపోతుందిరా, ఎవరూ ముట్టుకోకపోయినా చెడిపోతుంది. దాని శత్రువు దాని కడుపులోనే ఉంది.

కాగితమంటే సెల్యులోజ్. వేల కొద్దీ గ్లూకోజ్ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడితే అదొక పోగు. పూర్వం గుడ్డపేలికల్ని నానబెట్టి దంచి కాగితం చేసేవాళ్లు, అది గట్టి సరుకు. 1840లలో జర్మనీలో కెల్లర్ అనేవాడు కర్రని అరగదీసి గుజ్జు తీసే ఉపాయం కనిపెట్టాక కాగితం చవకైపోయింది. కర్రలో లిగ్నిన్ ఉంటుంది. ఎండా గాలీ తగిలితే అది పచ్చబడుతుంది. కావాలంటే ఇవాళ్టి పేపరు సగం అట్టకింద దాచి, సగం ఎండలో పెట్టండి, సాయంత్రానికే తేడా కనబడుతుంది. ఇంకొకటి: సిరా అలుక్కుపోకుండా కాగితానికి గుగ్గిలం లాంటి జిగురూ పటికా పట్టించేవాళ్లు. పటికంటే మీ బామ్మ బురదనీళ్ల బిందెలో తిప్పేదే, ఆ జాతిదే. తడి తగిలితే దాన్నించి ఆమ్లం పుడుతుంది. గాల్లో తేమ ఎప్పుడూ ఉంటుంది కదా, ఆ తేమా ఆమ్లమూ కలిసి సెల్యులోజ్ పోగుల్ని మధ్యమధ్యలో తెంపుతూ పోతాయి. నులక మంచం చూశారుగా, లోపల ఒక్కో పోగే తెగుతున్నా పైకి బాగానే ఉంటుంది, ఎవరో వచ్చి కూలబడ్డ రోజునే తెలుస్తుంది. కాగితమూ అంతే, మడత పెట్టిన రోజున పెళుక్కుమంటుంది.

ఇందులో తమాషా ఏమిటంటే పాతది గట్టిగా ఉంటుంది, కొత్తది ముందు పోతుంది. గుడ్డపేలికల కాగితం మీద రాసిన నాలుగొందల ఏళ్ల నాటి ఉత్తరం నిక్షేపంగా ఉంటే, 1940ల యుద్ధకాలపు కాగితం పట్టుకుంటే పొట్టు రాలుతుంది. మన తాటాకుల సంగతి వేరు, వాటికి పటిక పట్టించరు. అవి ఎండిపోయి విరక్కుండా, పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాస్తే చాలు. తెలుగు తాళపత్రాలు పోగుచేయించిన సి.పి. బ్రౌన్ దొర చేతికి చేరేసరికి ఎన్ని తరాలు చూసిన ఆకులో అవి!

మరి విరుగుడు? సున్నం. అవునర్రా, ఆమ్లానికి విరుగుడు సున్నమే. ఆర్కైవ్‌లో, అంటే పాత కాగితాలు భద్రం చేసే చోట, కాగితాలు పెట్టే అట్టపెట్టెల్లో సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బనేట్, కలిపి తయారుచేస్తారు. పుట్టే ఆమ్లాన్ని పెట్టే మింగేస్తుంది. ఇక చల్లదనం. పది డిగ్రీల వేడి పెరిగితే ఈ తెగే పని రెట్టింపు వేగంతోనో అంతకంటే ఎక్కువగానో సాగుతుంది. అందుకే అక్కడి గదుల్ని 13 నుంచి 20 డిగ్రీల దాకా, గాల్లో తేమని 35 నుంచి 60 శాతం మధ్యా ఉంచుతారు. మరీ తడైతే బూజు, మరీ పొడైతే పెళుసు. పాత పుస్తకం తెరిస్తే సర్రున పాకే తెల్లటి మెరుపు పురుగుని చూశారుగా, దానికి మైదా బంకంటే ప్రాణం. గోడ వారన జిగురు అట్టలు పెట్టి, వాటికి ఎన్ని అతుక్కున్నాయో అప్పుడప్పుడూ లెక్కేస్తారు. పురుగు పట్టిన పెట్టె వస్తే మందు కొట్టరు. సంచిలో మూసి, సున్నాకి 30 డిగ్రీల కింద మూడు రోజులు గడ్డకట్టిస్తారు. కాగితానికి ఏమీ కాదు, పురుగు గుడ్లతో సహా చస్తుంది.

కొత్తగా ఒక పెట్టె వచ్చిందనుకోండి, ఆర్కైవ్ మనిషి ముందు చేసే పని చాలా చిన్నది. గుండుసూదులు పీకడం. స్టేప్లర్ రాకముందు కాగితాలన్నీ గుండుసూదుల్తోనే గుచ్చేవాళ్లు. అవి తుప్పుపట్టి, కాగితం మీద గోధుమరంగు మచ్చ వేసి, ఆ మచ్చ చిల్లై కూర్చుంటుంది. కాగితం చిరక్కుండా సూది పక్కన సన్నటి ప్లాస్టిక్ రేకు దూర్చి, మెల్లిగా వదులు చేసి, తుప్పుపట్టని ఇత్తడి క్లిప్పు పెడతారు. రబ్బరు బ్యాండ్లు కరిగి బంకై ఉంటాయి, వాటిని గీకాలి. సెల్లోటేప్ వేసినవాణ్ణి మాత్రం వాళ్లు మనసులో తిట్టుకుంటారు. చిరిగిన పుస్తకానికి టేపు అంటించకండని మీకు అందుకే చెప్తాను.

ఇంత శుభ్రం చేస్తారా, కాగితాల వరస మాత్రం కదపరు. ఉత్తరాలన్నీ ఒకచోటా, లెక్కలన్నీ ఒకచోటా సర్దితే అందంగా ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ ఫలానా సమావేశం కాగితాల మధ్య ఒక కోపపు ఉత్తరం ఉందంటే, ఆ తీర్మానం ఎందుకు మారిందో ఆ ఉత్తరమే చెబుతుంది. విడదీస్తే అది ఒంటరి ఉత్తరం, దాని నోరు పడిపోతుంది. ఇక దేన్ని పారెయ్యాలన్నదే కష్టమైన లెక్క. టీ బిల్లులు పోతే పోయాయి. పరీక్షల రిజిస్టర్లు చూడ్డానికి చప్పగా ఉంటాయి, పేరూ తేదీ తప్ప ఏముంటుంది? చివరికి జనం ఎక్కువ అడిగేది వాటినే. "మా తాతమ్మ యుద్ధంలో మర్దన పని చేసిందట, పేరుందా?" అని. 1895 నుంచి 1980 దాకా రిజిస్టర్లని స్కాన్ చేసి ఇంటర్నెట్లో కూడా పెట్టారు. రోగుల సంగతులూ, సభ్యుల మీద వచ్చిన ఫిర్యాదులూ ఉన్న ఫైళ్లని మాత్రం ఏళ్ల తరబడి తెరవరు. అదీ మర్యాదే.

ఒక్క సంగతి చూడండి. మొదటి నిబంధన ఏమిటన్నానూ? డాక్టరు చెప్పందే చెయ్యి వెయ్యకూడదని. గౌరవం కోసం తామే వేసుకున్న ఆ ముడిని విప్పించుకోవడానికి ఆ సంఘానికి ఎనభై ఏళ్లు పైనే పట్టింది. 1970ల చివర్లో గానీ ఏ వైద్యం చెయ్యాలో ఫిజియోథెరపిస్టు సొంతంగా తేల్చుకోవచ్చన్న మాట అధికారికంగా రాలేదు. ఇప్పుడు అక్కడ చాలాచోట్ల రోగి నేరుగా వెళ్లొచ్చు. ఎనభై ఏళ్ల మినిట్స్ వరసగా ఉంటేనే ఆ ముడి ఎప్పుడు ఎక్కడ వదులైందో కనబడుతుంది, మధ్యలో పదేళ్ల పుస్తకం పోతే కనబడదు.

కాగితంతో అయిపోయిందా అంటే లేదు. పాత ఫిల్ము డబ్బా తెరిస్తే గుప్పున వెనిగర్ వాసన వస్తే ఫిల్ము చెడడం మొదలైనట్టు. ఎసిటేట్ ఫిల్ము చెడుతూ వదిలేది వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, ఆ ఆవిరి పక్క డబ్బాకీ అంటుకుని దాన్నీ చెడగొడుతుంది. పాటలూ మాటలూ రికార్డు చేసిన టేపులైతే లోపలి జిగురు తేమ పీల్చి బంకబంకగా అవుతుంది. అలాంటి టేపుని వినాలంటే 50 డిగ్రీల పైచిలుకు వేడిలో కొన్ని గంటలు కాస్తారు. జిగురు తాత్కాలికంగా బిగుస్తుంది, ఆ సందులో పాటో మాటో వేరేచోటికి ఎక్కించేసుకోవాలి.

కంప్యూటరొచ్చాక బెంగ తీరిందనుకున్నారు. 1986లో బీబీసీవాళ్లు, 1086లో విలియం రాజు రాయించిన డోమ్స్‌డే పుస్తకానికి 900 ఏళ్లయిందని, లక్షలమంది చేత ఊళ్ల వివరాలు రాయించి లేజర్ డిస్కులకెక్కించారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కుల్ని చదివే యంత్రాలు దొరకడమే గగనమైంది, నానా తంటాలుపడి బయటికి తీశారు. తోలు మీద రాసిన 900 ఏళ్ల పుస్తకాన్ని మాత్రం కళ్లతో చదువుకోవచ్చు. అందుకే ఇప్పుడు ప్రతి ఫైలునీ రెండుమూడు చోట్ల ఉంచుతారు. ఫైలులోని అక్షరాలన్నిటినీ ఒక లెక్కలో వేసి వచ్చిన సంఖ్యని రాసిపెట్టుకుంటారు. మళ్లీ కొన్నాళ్లకి అదే లెక్క కడతారు. ఒక్క కామా మారినా సంఖ్య మారిపోతుంది, వెంటనే మంచి కాపీ తెచ్చి సరిచేస్తారు.

"మరి అక్కావాళ్ల ఫిజియోథెరపీ సంఘం మాటలన్నీ వాట్సాప్‌లోనే కదా తాతయ్యా, అవీ దాస్తారా?" అంది లల్లి. పిల్ల తక్కువదేం కాదు. దాచడం అటుంచు, ఫోను మారిస్తే పోయే సరుకది. ఎవరెవరు వచ్చారు, ఏం తేల్చారు అన్నది ఒక్క పేజీ రాసి తేదీ వేసి, సంతకం పెట్టించి, సంఘం పేరు మీదున్న మెయిల్‌లో ఉంచుకోవాలి. సెక్రటరీ సొంత మెయిల్‌లో పెడితే ఆయన దిగిపోయిన రోజున పాస్‌వర్డ్ కూడా ఆయనతోనే పోతుంది. ఆదివారం అక్క ఫోన్ చేస్తుందిగా, వాళ్ల సంఘం మొట్టమొదటి సమావేశం మినిట్స్ ఎవరి దగ్గరున్నాయో అడుగు. ఎవరింట్లోనో బీరువా మీద, పాత క్యాలెండర్ల కింద ఉండే ఉంటాయి. ఉంటే ముందు ఆ గుండుసూది తీయించమను.