హత్య కేసును పలుకుబడి ఎక్కడ దెబ్బ తీస్తుంది

హత్య కేసులో డబ్బూ పలుకుబడీ పనిచేసేది ఎక్కువగా జడ్జి ముందు కాదు. నేరం జరిగిన మొదటి కొన్ని రోజుల్లోనూ, ఆ తర్వాత విచారణ ఏళ్ల తరబడి సాగే కాలంలోనూ అవి తమ పని చేసుకుపోతాయి. హత్యాయుధం మాయం కావడానికి నాలుగు రోజులు చాలు. సాక్షి మాట మారడానికి నాలుగేళ్లు పట్టవచ్చు. రెండింటికీ కావలసింది వ్యవధి. అది కలిగినవారికి దొరికినట్టు లేనివారికి దొరకదు. ఢిల్లీలో జరిగిన జెస్సికా లాల్ హత్య కేసు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ.

1999 ఏప్రిల్ 29 రాత్రి మెహ్రౌలీలో, కుతుబ్ మినార్‌కు దగ్గరలోని టామరిండ్ కోర్ట్ రెస్టారెంట్‌లో పార్టీ జరిగింది. మోడల్‌గా పనిచేసే జెస్సికా ఆ రాత్రి బార్ కౌంటర్ దగ్గర మద్యం అందిస్తోంది. తెల్లవారుజామున రెండు గంటల వేళ వచ్చిన మను శర్మ మద్యం అడిగాడు. బార్ మూసేశామని చెప్పినందుకు పిస్టల్ తీసి ఒకసారి పైకప్పు వైపు, రెండోసారి ఆమె తలకు గురిపెట్టి కాల్చాడు. అతని తండ్రి వినోద్ శర్మ కేంద్ర మాజీ మంత్రి, అప్పట్లో కాంగ్రెస్ నాయకుడు. వెంట ఉన్నవారిలో వికాస్ యాదవ్ ఉత్తరప్రదేశ్ రాజకీయ నాయకుడు డి.పి. యాదవ్ కొడుకు.

మను శర్మ మే 6న గానీ పోలీసులకు లొంగిపోలేదు. అతని టాటా సఫారీ నోయిడాలో దొరికింది. పిస్టల్ మాత్రం ఈనాటికీ దొరకలేదు. ఆ కొద్ది రోజుల ఆలస్యమే కేసుకు పెద్ద దెబ్బ. తుపాకీ చేతికి చిక్కితే, అందులోంచి పేల్చి చూసిన తూటాను ఘటనా స్థలంలో దొరికినదానితో పోల్చవచ్చు. ఆయుధమే లేకపోతే ఖాళీ తూటా గొట్టాల మీద నిపుణుడు చెప్పే అభిప్రాయమే ఆధారమవుతుంది. ఇక్కడా అదే జరిగింది. రెండు గొట్టాలూ రెండు వేర్వేరు పిస్టళ్లవని ప్రతివాదులు వాదించారు. కాల్చినవాళ్లు ఇద్దరైతే, ప్రాణం తీసిన తూటా ఎవరిదన్నది సందేహమే కదా! నేర విచారణలో సందేహం ఎప్పుడూ నిందితుడికే అనుకూలం.

రెండో దెబ్బ సాక్షుల వైపు నుంచి వచ్చింది. ఎఫ్ఐఆర్‌కు ఆధారమైన వాంగ్మూలం ఇచ్చిన యువకుడు, కోర్టులో, అది హిందీలో రాసి ఉందని, తనకు హిందీ రాదని చెప్పాడు. కౌంటర్ దగ్గర ఇద్దరున్నారని, జెస్సికాకు తగిలిన తూటా కాల్చింది మను శర్మ కాదని అన్నాడు. అతనితో పాటు పలువురు ముఖ్య సాక్షులు అడ్డం తిరిగారు. చట్టంలోనే ఇందుకు సందు ఉంది. దర్యాప్తు సమయంలో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదు, సాక్షి మాట మార్చాడని ఎత్తిచూపడానికి మాత్రమే పనికొస్తుంది. మేజిస్ట్రేట్ ఎదుట నమోదు చేయిస్తే దానికి విలువ ఎక్కువ. మాట మార్చినవాడు అబద్ధపు సాక్ష్యం కేసుకు భయపడాల్సి వస్తుంది. పెద్దవాళ్లు నిందితులుగా ఉన్న కేసులో మొదటి వారంలోనే ఆ పని చేయించకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

ఏడేళ్ల తర్వాత, 2006 ఫిబ్రవరి 21న ట్రయల్ కోర్టు తొమ్మిది మంది నిందితులనూ నిర్దోషులని విడిచిపెట్టింది. దేశమంతా భగ్గుమంది. ఇండియా గేట్ దగ్గర జనం కొవ్వొత్తులతో నిలబడ్డారు. జెస్సికా చెల్లెలు సబ్రీనా పోరాటం ఆపలేదు. ఢిల్లీ హైకోర్టు అప్పీలును త్వరగా విచారించి, అదే ఏడాది డిసెంబర్‌లో మను శర్మకు యావజ్జీవ శిక్ష వేసింది. సాక్ష్యం అదే, చూసిన తీరు మారింది. మను శర్మకు లైసెన్స్ ఉన్న .22 పిస్టల్‌ను అతను కోర్టు ముందు పెట్టలేకపోవడాన్ని హైకోర్టు అతనికి ప్రతికూలంగా లెక్కించింది. రెండు పిస్టళ్ల వాదనను తోసిపుచ్చింది. మాటమీద నిలబడ్డ రెస్టారెంట్ యజమానురాలు బీనా రమణి తదితరుల సాక్ష్యాన్ని నమ్మింది. 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

శిక్ష పడ్డాక కూడా పలుకుబడి ఊరుకోలేదు. 2009లో తల్లి అనారోగ్యం వంటి కారణాలు చూపి పెరోల్ మీద బయటికొచ్చిన మను శర్మ ఢిల్లీలో నైట్‌క్లబ్‌లో కనిపించాడు. ఇంతకంటే బాధాకరం వికాస్ యాదవ్ సంగతి. జెస్సికా కేసులో బెయిల్ మీద ఉండగానే, 2002 ఫిబ్రవరిలో నితీష్ కటారా అనే యువకుణ్ణి చంపాడు. ఆ విచారణ ఘజియాబాద్‌లో సాగితే సాక్షులు నిలవరని తల్లి నీలం కటారా సుప్రీంకోర్టును ఆశ్రయించి, కేసును ఢిల్లీకి మార్పించుకున్నారు. 2008లో శిక్ష పడింది.

కేసును మరో చోటికి మార్పించే ఈ ఉపాయం తెలుగు నేల మీదా అవసరమైంది. 2019 మార్చిలో పులివెందులలో జరిగిన మాజీ ఎంపీ వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసు విచారణను, ఆయన కుమార్తె పిటిషన్ మీద, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు హైదరాబాద్ సీబీఐ కోర్టుకు బదిలీ చేసింది.

కేసును మరో ఊరికి మార్చినా సాక్షి ఇల్లు మాత్రం పాత ఊళ్లోనే ఉంటుంది. అందుకే 2018 డిసెంబర్‌లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, దేశమంతటా అమలు చేయాలని ఆదేశించింది. దాని ప్రకారం ప్రతి జిల్లాలోనూ జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది. బెదిరింపు ఎంత తీవ్రమో పోలీసుల నుంచి నివేదిక తెప్పించుకుని, ఇంటికి కాపలా మొదలు మకాం మార్పు వరకు, చివరికి పేరు మార్పు దాకా ఆదేశించే అధికారం దానికుంది. సాక్షికి గానీ కుటుంబ సభ్యులకు గానీ బెదిరింపులు వస్తే, ఈ కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.