వెదురు పుల్ల చెప్పే ఆరోగ్య హితవు

చైనా సంప్రదాయాన్ని అనుసరించే ఆలయాల్లో, అంకెలు వేసిన వెదురు పుల్లలున్న గొట్టాన్ని దేవుడి ఎదుట ఊపి, అందులోంచి జారిపడిన పుల్లను బట్టి దైవాభిప్రాయం తెలుసుకునే ఆచారాన్ని హాంకాంగ్‌లో వాడుకలో ఉన్న కాంటనీస్ భాషలో ‘కౌ చిమ్’ అంటారు. ఆ నగరంలోని వాంగ్ తాయ్ సిన్ ఆలయపు గొట్టంలో 100 పుల్లలుంటే, షాటిన్‌లోని చె కుంగ్ ఆలయంలో 96 ఉంటాయి. సముద్రదేవత మాజు ఆలయాల్లో చాలాచోట్ల 60 పుల్లలే కనిపించడానికి కారణం, తెలుగువారి ప్రభవాది సంవత్సరాల చక్రంలాంటి 60 ఏళ్ల లెక్క చైనీయులకూ ఉండడమే.

భక్తుడు మోకాళ్లమీద కూర్చుని, తన పేరూ ఊరూ మనసులో చెప్పుకొని, ఒకే ఒక్క ప్రశ్న అడిగి, గొట్టాన్ని రెండు చేతులతో కాస్త ముందుకు వంచి సన్నగా ఊపుతూ ఉంటే, పుల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గలగలలాడి, చివరికి ఒకటి మిగతావాటికన్నా పైకి తేలి నేలమీద పడుతుంది. రెండు పుల్లలు ఒకేసారి పడితే రెండింటినీ గొట్టంలో వేసి మళ్లీ ఊపాలి. పడిన పుల్ల సరైనదేనా అన్న అనుమానం తీర్చడానికి, ముఖ్యంగా ఫుజియన్, తైవాన్ ప్రాంతాల్లో, నెలవంక ఆకారపు చెక్క బిళ్లల జతను నేలమీదికి విసురుతారు. ఒకవైపు బల్లపరుపుగా, మరోవైపు ఉబ్బెత్తుగా ఉండే ఆ బిళ్లల్లో ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితేనే దేవుడు అవునన్నట్లు లెక్క.

పుల్లమీది అంకెకు సరిపోయే చీటీమీద ఒక చిన్న పద్యం, అది ఉత్తమమో మధ్యమమో అధమమో తెలిపే శ్రేణి, ఒక పాతకథ పేరు, ఆపైన కుటుంబం, వ్యాపారం, ప్రయాణం, వ్యాజ్యం, వ్యాధి వంటి విషయాలకు విడివిడిగా ఫలితాలు ఉంటాయి. వాంగ్ తాయ్ సిన్ ఆలయంలో మొదటి చీటీ జియాంగ్ తాయ్‌గుంగ్ మంత్రిపదవి పొందిన కథ. వృద్ధాప్యం దాకా వెయ్ నది ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న ఆ మనిషిని జౌ రాజ్యాధిపతి వెన్ వెతుక్కుంటూ వచ్చి తన సలహాదారుగా చేసుకున్నాడని ఐతిహ్యం. నూరింటిలో మొట్టమొదటి శుభశకునంగా ఓపికపట్టిన ముసలివాణ్ణి నిలపడంలోనే ఈ చీటీల స్వభావం చాలావరకు తెలిసిపోతుంది. అధమశ్రేణి చీటీలు సైతం భయపెట్టి వదిలేయకుండా, పరుగు తగ్గించుకోమని, ఉన్నదానితో సరిపెట్టుకోమని, దావా మాని రాజీపడమని, జబ్బు నెమ్మదిగా తగ్గుతుంది కనుక మంచి వైద్యుణ్ణి చూడమని చెప్పడమే ఎక్కువ. జోస్యంగా వీటి విలువ సున్నా అనుకున్నా, హితవుగా వీటిలో తప్పుపట్టవలసినది పెద్దగా లేదు.

తప్పుపట్టవలసినది ‘మందు చీటీ’ల దగ్గర మొదలవుతుంది. సాధారణ చీటీలో పద్యం ఉండే చోట ఈ చీటీలో మూలికల పేర్లు, వాటి తూకాలు ఉంటాయి. రోగి బంధువు పుల్ల తీసి, ఆ చీటీని మందుల దుకాణంలో చూపి పొట్లం కట్టించుకుంటాడు. ఫుజియన్‌లో వైద్యుడిగా పేరుపొంది, మరణానంతరం బావోషెంగ్ దాదీ అనే దేవుడిగా పూజలందుకుంటున్న వు తావో (979–1036) ఆలయాలు ఈ చీటీలకు ప్రసిద్ధి. వాంగ్ తాయ్ సిన్ సంప్రదాయంలో పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు, కంటిజబ్బులకు, పుండ్లూ గాయాల వంటి పైజబ్బులకు నూరేసి చొప్పున మొత్తం 500 మందు చీటీలున్నాయి. వీటిలో చాలావాటిలో ఉండేవి తక్కువ మోతాదులో మృదువైన మూలికలే కావడంతో, వైద్యుడికి డబ్బివ్వలేని కాలంలో ఇవి మేలు చేయకపోయినా పెద్దగా కీడు చేసి ఉండవని అనుకోవచ్చు. అయినా రోగిని చూడకుండా, నాడి పట్టకుండా, కేవలం యాదృచ్ఛికంగా మందు ఎంచడమనే దోషం మూలికలు ఎంత మృదువైనవైనా పోదు. తనంతట తానే తగ్గే జలుబుకు సరిపోయిన ఈ పద్ధతి, ఆలస్యమైతే ప్రాణం తీసే జబ్బుకు సరిపోదు.

చీటీ తన గురించే చెప్పిందని ప్రతివారికీ ఎందుకు అనిపిస్తుందన్నదానికి మనస్తత్వశాస్త్రంలో సమాధానముంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికా శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు, విడివిడిగా రాసిన స్వభావ వివరణలని నమ్మించి, అందరికీ ఒకే పాఠాన్ని ఇవ్వగా, అది తమకు ఎంత బాగా నప్పిందో చెబుతూ వారు వేసిన మార్కుల సగటు 5కు 4.26 వచ్చింది. చిలక జోస్యం కార్డుకూ ఇదే వర్తిస్తుంది. జ్ఞాపకశక్తి కూడా జోస్యం పక్షమే వహిస్తుంది. మహమ్మారిని తరిమిన సేనానిగా జనం కొలిచే చె కుంగ్ ఆలయంలో, 2003 చాంద్రమాన కొత్త సంవత్సరం రెండో రోజున హాంకాంగ్ ప్రజలందరి తరఫున ప్రభుత్వాధికారి తీసిన పుల్ల అధమశ్రేణిది కావడం, కొన్ని వారాల్లోనే సార్స్ వ్యాధి వ్యాపించి అక్కడ 299 మంది చనిపోవడం నేటికీ చెప్పుకుంటారు. ఏటా ఎవరో ఒకరు పుల్ల తీస్తూనే ఉన్నా, ఫలితం కుదరని ఏళ్లను మాత్రం ఎవరూ లెక్కపెట్టుకోరు.

ఇంత చెప్పిన తరువాత కూడా, ఈ ఆలయాలు ఆరోగ్యానికి చేసిన సేవను పుల్లల్లో కాక వాటి చుట్టూ ఏర్పడిన వ్యవస్థల్లో వెతకడం న్యాయం. వాంగ్ తాయ్ సిన్ దేవుడి చిత్రపటం 1915లో క్వాంగ్‌తుంగ్ నుంచి హాంకాంగ్ చేరిన తరువాత దాన్ని కొంతకాలం నిలిపినది వాన్‌చాయ్‌లోని ఒక మూలికల దుకాణంలో; 1921లో ప్రస్తుత స్థలంలో ఆలయాన్ని స్థాపించిన సిక్ సిక్ యూన్ సంస్థ 1924లోనే ఉచిత మూలికావైద్యశాల తెరిచింది. 1956లో ఆలయాన్ని అందరికీ తెరిచినప్పుడు ప్రవేశానికి వసూలు చేసిన 10 సెంట్లు తుంగ్ వా ఆసుపత్రుల సంస్థకు చేరేవి. సింగపూర్ వాటర్‌లూ వీధిలో 1884 నాటి క్వాన్ ఇమ్ దేవత ఆలయంలోనూ పగలంతా పుల్లల గలగల వినిపిస్తుంది. భక్తుల కానుకల నుంచి ఆ క్వాన్ ఇమ్ ఆలయం ఇచ్చిన విరాళంతో అదే నగరంలో మూత్రపిండాల రోగులకు డయాలసిస్ కేంద్రం ఏర్పడింది.